గాలమూ కాలమూ

పాఠ్యభాగ నేపథ్యం

మానవుడు నేర్చిన తొలి విద్యలలో చేపలు పట్టడం ఒకటి. నాగలి పట్టక ముందే అతడు గాలం పట్టాడు. పంట కోయక ముందే వల అల్లాడు. ఆ విద్య నేటికీ లక్షలాది కుటుంబాలకు జీవనాధారం. మరికొందరికి అది తీరిక వేళల వినోదం. జీవనాధారమైనా, వినోదమైనా దాని వెనుక నీటిని గురించి, ఋతువులను గురించి, జలచరాల స్వభావాన్ని గురించి తరతరాలుగా కూడబెట్టిన పరిజ్ఞానం ఉంటుంది. చేపను ఎలా పట్టాలో తెలియడం ఆ పరిజ్ఞానంలో సగం మాత్రమే. ఎప్పుడు పట్టకూడదో తెలియడం మిగిలిన సగం. ఉత్తర అమెరికాలోని ఒక మంచినీటి సరస్సును ఉదాహరణగా తీసుకొని ఈ రెండు సగాలనూ విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మార్చి నెలాఖరు వచ్చేసరికి తెలుగునాట మామిడి పిందెలు కాయలవుతాయి. ఎండలు ముదురుతాయి. వీధి మలుపుల్లో చలివేంద్రాలు వెలుస్తాయి. సరిగా అదే సమయానికి భూగోళానికి ఆవలి వైపున, అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మాడిసన్ నగర ప్రజలు మెండోటా సరస్సు ఒడ్డున నిలబడి, మంచు ఎప్పుడు కరుగుతుందా అని ఎదురుచూస్తూ ఉంటారు. మాడిసన్ విస్కాన్సిన్ రాష్ట్రానికి రాజధాని. యహారా నది తన దారిలో కలుపుకొంటూ పోయే నాలుగు సరస్సులలో మెండోటా పెద్దది. దాని వైశాల్యం దాదాపు 40 చదరపు కిలోమీటర్లు. అత్యధిక లోతు సుమారు 25 మీటర్లు.

శీతాకాలంలో ఈ సరస్సు మీద దట్టమైన మంచు పేరుకుంటుంది. దాని మీద మనుషులు నడుస్తారు. గుడారాలు వేసుకొని, మంచుకు రంధ్రాలు తొలిచి చేపలు పడతారు. వసంతం రాగానే ఆ పలక పగుళ్లిచ్చి, గాలికి ముక్కలై, చివరకు నీటిలో కలిసిపోతుంది. మంచు ఏ రోజున వీడిందో నిర్ణయించడానికి అక్కడ ఒక పాత సంప్రదాయం ఉంది. సరస్సులోకి ముక్కువలె పొడుచుకొని వచ్చిన పిక్నిక్ పాయింట్ నుండి ఎదుటి ఒడ్డున ఉన్న మేపుల్ బ్లఫ్ వరకు పడవ నడపడానికి దారి ఏర్పడితే, మంచు వీడినట్లే లెక్క. 1850వ దశకం నుండి ఏటేటా ఈ తేదీలను నమోదు చేస్తూ వస్తున్నారు. పడవ దారి కోసం మొదలైన ఈ లెక్క నేడు శాస్త్రవేత్తలకు అమూల్యమైన ఆధారంగా నిలిచింది.

ఈ సరస్సుకూ మనిషికీ ఉన్న అనుబంధం ఆ లెక్కల కంటే ఎంతో ప్రాచీనమైనది. 2021లో మెండోటా అడుగు నుండి ఒక దోనెను వెలికి తీశారు. ఒకే మానును తొలిచి చేసిన ఆ దోనె వయస్సు సుమారు 1200 సంవత్సరాలు. దానితోపాటు వలకు బరువుగా కట్టే రాళ్లు కూడా దొరికాయి. మరుసటి ఏడు, 2022లో, సుమారు 3000 సంవత్సరాల నాటి మరో దోనె బయటపడింది. ఈ సీమలో అనాదిగా నివసిస్తున్న హో-చంక్ జాతివారి పూర్వీకులు ఈ నీటి మీద బతికారనడానికి ఇవి సాక్ష్యాలు. రాతి బరువులు కట్టిన ఆ వల నుండి నేటి సన్నని నైలాన్ దారం వరకు సాధనాలు మారాయి. చేప స్వభావం మాత్రం మారలేదు. దానిని అర్థం చేసుకోవాలంటే ముందుగా నీటి స్వభావం తెలియాలి.

నీటికి ఉన్న వింత గుణం

సాధారణంగా ఏ పదార్థమైనా చల్లబడేకొద్దీ దగ్గరకు కుంచించుకొని బరువెక్కుతుంది. నీరు మాత్రం నాలుగు డిగ్రీల సెల్సియస్ వరకే ఈ నియమాన్ని పాటిస్తుంది. అంతకు మించి చల్లబడితే తిరిగి వ్యాకోచించి తేలికవుతుంది. అందువల్లనే మంచు నీటి మీద తేలుతుంది. శీతాకాలంలో సరస్సు పైభాగాన సున్నా డిగ్రీల మంచు ఉంటే, అడుగున నాలుగు డిగ్రీలకు చేరువలో ఉన్న బరువైన నీరు ఉంటుంది. పైనున్న హిమావరణం దుప్పటి వలె సరస్సును కప్పి, లోతట్టు నీరు గడ్డకట్టకుండా కాపాడుతుంది. ఈ గుణమే లేకపోతే చలిదేశాల సరస్సులు అడుగు నుండి గడ్డకట్టుకుంటూ వచ్చేవి. అప్పుడు చేపలకు నిలువనీడ ఉండేది కాదు.

అయితే ఆ దుప్పటి కింద మరో చిక్కు ఉంది. మంచు వల్ల గాలికీ నీటికీ సంబంధం తెగిపోతుంది. మంచు మీద హిమం పేరుకుంటే వెలుతురు కూడా లోపలికి దిగదు. అడుగున కుళ్లే పదార్థాలు ప్రాణవాయువును హరిస్తూ ఉంటాయి. శీతాకాలం ముగిసే నాటికి లోతైన చోట ఊపిరాడని స్థితి ఏర్పడుతుంది.

మంచు వీడిన తరువాత ఎండకు పైనీరు వెచ్చబడి నాలుగు డిగ్రీలకు చేరుతుంది. సరస్సు పైనుండి అడుగు వరకు ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రత, ఒకే సాంద్రత ఏర్పడతాయి. అప్పుడు వీచే గాలి సరస్సు మొత్తాన్ని కవ్వంతో పెరుగు చిలికినట్లు చిలుకుతుంది. ప్రాణవాయువు అడుగుకు చేరుతుంది. అడుగున నిలిచిన పోషకాలు పైకి వస్తాయి. దీనిని శాస్త్రజ్ఞులు ‘వసంతకాలపు తిరగబాటు’ అంటారు. కొద్ది రోజులపాటు సాగే ఈ చిలకడంతో సరస్సు కొత్త ఊపిరి పోసుకుంటుంది.

సరస్సులలో జరిగే ఇటువంటి మార్పులను అమెరికాలో క్రమబద్ధంగా పరిశీలించిన తొలి శాస్త్రజ్ఞులలో ఎడ్వర్డ్ బర్జ్, చాన్సీ జూడే ప్రముఖులు. వారు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఉంటూ, మెండోటా నీటిలోని ఉష్ణోగ్రతను, కరిగిన వాయువులను ఏళ్ల తరబడి కొలిచారు. సరస్సు కూడా ఊపిరి పీల్చి విడిచే ప్రాణి వంటిదేనన్న భావన వారి పరిశోధనలతో బలపడింది. అమెరికాలో సరోవర శాస్త్రానికి మెండోటాను పుట్టినిల్లుగా పేర్కొనడానికి కారణం ఇదే.

ఒడ్డుకు వచ్చే చేపలు

చేపలు శీతరక్త జీవులు. చుట్టూ ఉన్న నీరు ఎంత చల్లగా ఉంటే వాటి శరీరమూ అంతే చల్లగా ఉంటుంది. శీతాకాలంలో అవి లోతుగా ఉన్నచోట మందకొడిగా కదులుతూ, కొద్దిపాటి ఆహారంతో కాలం గడుపుతాయి. మంచు వీడగానే లోతు తక్కువైన చోటు ముందుగా వేడెక్కుతుంది. నల్లని బురద నేల ఎండను పీల్చుకొని తన మీది నీటిని మరికాస్త వెచ్చబరుస్తుంది. అక్కడ సూక్ష్మజీవులు, పురుగుల లార్వాలు ముందుగా మేల్కొంటాయి. వాటి కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు ఒడ్డు దారి పడతాయి.

ఒడ్డులన్నీ ఒకేసారి వేడెక్కవు. ఆ అక్షాంశాలలో మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణపు ఆకాశంలోనే ఉంటాడు. అందువల్ల దక్షిణపు ఒడ్డున ఉన్న చెట్ల నీడ నీటి మీద పడుతుంది. ఉత్తరపు ఒడ్డున ఉన్న నీరు మాత్రం రోజంతా ఎండ కాచుకుంటుంది. కాబట్టి అనుభవజ్ఞులు వసంతారంభంలో ఉత్తరపు ఒడ్డున, గాలి తాకిడి లేని చిన్న అఖాతాలను ఎంచుకుంటారు. తెల్లవారుజామున కాక, ఎండ బాగా కాసిన మధ్యాహ్నం తరువాతనే గాలం వేస్తారు. ఒకటి రెండు డిగ్రీల వెచ్చదనం కూడా ఆ రోజుల్లో చేపల కదలికను మార్చివేస్తుంది.

చేపలు ఒడ్డుకు రావడానికి ఆకలి ఒక్కటే కారణం కాదు. సంతానేచ్ఛ మరో కారణం. గుడ్లు పెట్టడానికి ఒక్కొక్క జాతికి ఒక్కొక్క ఉష్ణోగ్రత అనుకూలం. మొసలి మూతి వంటి పొడవైన దవడలు గల నార్దర్న్ పైక్ అందరికంటే ముందు మేల్కొంటుంది. మంచు పూర్తిగా వీడీ వీడక ముందే, నీరు నాలుగైదు డిగ్రీలు దాటగానే, వరద నీరు చేరిన చిత్తడి నేలల్లోని పచ్చిక మధ్య గుడ్లు చల్లుతుంది. మెండోటాకు ఎగువన ఉన్న చెరోకీ చిత్తడి నేల అటువంటిది. రాత్రివేళ వెలుగు పడితే కళ్లు మెరిసే వాలై, నీరు సుమారు ఆరు నుండి పది డిగ్రీల వరకు ఉన్నప్పుడు గులకరాళ్ల మీద గుడ్లు విడుస్తుంది. పసుపుపచ్చని ఒంటిపై నిలువు చారలున్న ఎల్లో పెర్చ్ ఆ వెనుకనే వస్తుంది. దాని గుడ్లన్నీ ఒకే జిగురు పట్టీగా, హార్మోనియం తిత్తి మడతల వలె ముడుచుకొని, నీటి మొక్కలకూ మునిగిన కొమ్మలకూ చుట్టుకొని ఉంటాయి. బ్లూగిల్ అనే చిన్న చేప తొలి వసంతంలో మేత కోసమే ఒడ్డుకు వస్తుంది. అది గుడ్లు పెట్టేది నీరు ఇరవై డిగ్రీలకు చేరువైనప్పుడు, అంటే మే నెల చివర లేదా జూన్‌లో.

ఈ వరుసను గమనిస్తే ఒక సత్యం బోధపడుతుంది. చేప మనిషి చేతికి అందేంత దగ్గరగా వచ్చే కాలమూ, దానికి రక్షణ అత్యంత అవసరమైన కాలమూ చాలావరకు ఒక్కటే.

జెట్టీ మీది నుండి

మన తీరప్రాంతాలలో జెట్టీ అని పిలిచే కట్టడం వంటిదే అక్కడి సరస్సులలోనూ కనిపిస్తుంది. ఒడ్డు నుండి నీటిలోకి పది ఇరవై మీటర్ల మేర స్తంభాల మీద పలకలు పరచి దానిని నిర్మిస్తారు. శీతాకాలంలో వ్యాకోచించే మంచు ఆ స్తంభాలను వంచివేస్తుంది. వసంతంలో గాలి నెట్టే మంచుపలకలు వాటిని విరగ్గొడతాయి. అందుచేత చాలా జెట్టీలను శరదృతువులో విడి భాగాలుగా ఊడదీసి ఒడ్డున పేర్చి, మంచు వీడిన తరువాత మళ్లీ నీటిలో నిలబెడతారు. మెండోటా తీరవాసులకు జెట్టీ దింపడం వసంతానికి స్వాగతం పలకడం వంటిది.

పడవ లేనివారికి జెట్టీ వరప్రసాదం. ఒడ్డున ఉన్న రెల్లును, బురదను దాటి, నీరు ఒకటి రెండు మీటర్ల లోతున్న చోటికి అది తీసుకుపోతుంది. వృద్ధులు కుర్చీ వేసుకొని కూర్చోవచ్చు. పిల్లలు పెద్దల పక్కన నిలిచి నేర్చుకోవచ్చు. వేసవి నాటికి దాని స్తంభాలకు పాచి పడుతుంది. పాచిలో పురుగులు, పురుగుల కోసం చేపపిల్లలు చేరుతాయి. అయితే తొలి వసంతంలో స్తంభాలు ఇంకా శుభ్రంగానే ఉంటాయి. అప్పుడు జెట్టీ విలువ అది చేర్చే చోటును బట్టే కాని, దానిని బట్టి కాదు.

చల్లని నీటిలో గాలం వేయడానికి ఓర్పే ప్రధాన సాధనం. ఒంట్లో వేడి తక్కువైన చేప వేగంగా పరుగెత్తే ఎరను వెంబడించదు. తిన్న కొద్దిపాటి ఆహారం అరగడానికి కూడా దానికి ఎక్కువ కాలం పడుతుంది. కాబట్టి కొక్కెం చిన్నదిగా, దారం సన్ననిదిగా, ఎర చిటికెడంతగా ఉండాలి. వానపాము ముక్క చాలు. ఎరను దించి కదలకుండా ఉంచి, అప్పుడప్పుడు మాత్రమే కర్రను మృదువుగా కదపాలి. బెండు బుడుంగున మునుగుతుందని ఎదురుచూసేవాడు మోసపోతాడు. చలికాలపు చేప ఎరను లాగదు, మెల్లగా చప్పరిస్తుంది. బెండు కొద్దిగా పక్కకు జరుగుతుంది. చేప ఎరను పట్టుకొని పైకి లేస్తే, బరువు తగ్గిన బెండు నీటి మీద వాలిపోతుంది. ఈ సూక్ష్మమైన సూచనలను గుర్తించడమే గాలపువాని నేర్పు.

ఈ వినోదంలో ప్రమాదమూ లేకపోలేదు. గాలి వెచ్చగా తగిలినంత మాత్రాన నీరు వెచ్చబడినట్లు కాదు. అయిదారు డిగ్రీల నీటిలో హఠాత్తుగా పడిన మనిషికి తన ప్రమేయం లేకుండానే ఊపిరి ఎగబీలుస్తుంది. ఆ క్షణంలో నీరు మింగే ప్రమాదం ఉంది. కొద్ది నిమిషాలలోనే చేతులు కాళ్లు పట్టు తప్పుతాయి. ఎంతటి గజ ఈతగాడికైనా ఇది తప్పదు. తడిసిన పలకల మీద జారిపడకుండా చూసుకోవడం, తేలుడు కోటు తొడుక్కోవడం, ఒంటరిగా వెళ్లకపోవడం అందుకే అవసరం.

మత్స్యన్యాయం

పెద్ద చేప చిన్న చేపను మింగడాన్ని మన ప్రాచీనులు మత్స్యన్యాయం అన్నారు. రాజు లేని రాజ్యంలో బలవంతుడు బలహీనుణ్ణి పీడించే అరాచకానికి దానిని ఉపమానంగా వాడారు. అయితే సరస్సులో మాత్రం మత్స్యన్యాయం అరాచకం కాదు. అక్కడి వ్యవస్థకు అదే మూలస్తంభం. మెండోటాలో జరిగిన ఒక ప్రయోగం ఈ విషయాన్ని తేటతెల్లం చేస్తుంది.

చుట్టుపక్కల పొలాల నుండి కొట్టుకువచ్చిన ఎరువుల వల్ల ఈ సరస్సులో ఆకుపచ్చని నాచు దట్టంగా పెరిగేది. నాచును మేసే సూక్ష్మ జలచరం ఒకటుంది. దాని పేరు డాఫ్నియా. డాఫ్నియాను చిన్న చేపలు తింటాయి. చిన్న చేపలను వాలై, పైక్ తింటాయి. పెద్ద చేపలు పెరిగితే చిన్న చేపలు తగ్గుతాయి, డాఫ్నియా పెరుగుతుంది, నాచు తగ్గి నీరు తేటపడుతుంది. ఈ ఆలోచనతో 1987 నుండి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, రాష్ట్ర ప్రభుత్వ శాఖ కలిసి లక్షల సంఖ్యలో వాలై, పైక్ పిల్లలను సరస్సులో వదిలారు. వాటిని పట్టడంపై పరిమితులను కూడా కట్టుదిట్టం చేశారు. సరస్సు తేటదనం గాలపువాని నిగ్రహంపై కూడా ఆధారపడి ఉందని ఆ ప్రయోగం చాటింది.

కట్టిన దానిని కూల్చడానికి ఎంతో కాలం పట్టదు. 2009లో మెండోటాలో ముళ్ల తోక గల ఒక విదేశీ నీటి పురుగు కనిపించింది. అది డాఫ్నియాను విపరీతంగా తినివేయడంతో నీటి తేటదనం మళ్లీ తగ్గింది. ఇటువంటి జీవులు ఒక సరస్సు నుండి మరొక సరస్సుకు పడవల అడుగున, ఎర బకెట్ల నీటిలో ప్రయాణిస్తాయి. అందుకే ఒడ్డు విడిచే ముందు బకెట్ నీటిని అక్కడే పారబోసి, సామగ్రిని శుభ్రం చేసుకోవాలన్నది అక్కడి చట్టం. చూడడానికి చిన్న నియమమే. దానిని పాటించని ఒక్క మనిషి కారణంగా ఒక సరస్సు చరిత్రే మారిపోవచ్చు.

పట్టకూడని కాలం

విస్కాన్సిన్ రాష్ట్రంలో వాలై, పైక్ వంటి చేపలను పట్టే కాలం సాధారణంగా మార్చి మొదటి ఆదివారంతో ముగుస్తుంది. తిరిగి మే మొదటి శనివారం నాడు ప్రారంభమవుతుంది. అవి గుడ్లు పెట్టే కాలం ఈ రెండింటి నడుమ వస్తుంది. ఆ సమయంలో జెట్టీ మీద కూర్చున్నవారు పెర్చ్, బ్లూగిల్ వంటి చిన్న చేపలను మాత్రమే, అది కూడా రోజుకు ఇన్ని అన్న పరిమితికి లోబడి, ఇంటికి తీసుకుపోవచ్చు. ఆ చిన్న జాతుల సంతానవృద్ధి ఎక్కువ కనుక ఆ వెసులుబాటు. పొరపాటున వాలై గాలానికి చిక్కితే వెంటనే విడిచిపెట్టాలి.

విడిచిపెట్టడానికి కూడా ఒక పద్ధతి ఉంది. చేప ఒంటిమీద పల్చని జిగురు పొర ఉంటుంది. రోగాల నుండి దానిని కాపాడే కవచం అదే. పొడి చేతితో పట్టుకుంటే ఆ పొర ఊడిపోతుంది. అందువల్ల ముందుగా చేతులు తడుపుకోవాలి. కొక్కేన్ని మెల్లగా తీయాలి. మొప్పలను తాకకూడదు. చేపను నీటికి పైన ఎక్కువసేపు ఉంచకూడదు. విసరివేయక, నీటిలో రెండు చేతుల మధ్య నిలిపి, తనంత తాను ఈదుకొని పోయేదాకా ఆగాలి.

ఈ దృశ్యం తెలుగు పాఠకులకు ఒక పురాణగాథను స్ఫురింపజేస్తుంది. పోతన భాగవతం అష్టమ స్కంధంలో మత్స్యావతార కథ ఉంది. సత్యవ్రతుడనే రాజర్షి కృతమాలా నదిలో జలతర్పణం చేస్తుండగా అతని దోసిట్లోకి ఒక చిన్న చేప వచ్చింది. దానిని తిరిగి నదిలో విడువబోతే, పెద్ద చేపల నుండి తనను కాపాడమని వేడుకొంది. రాజు కరుణించి తన కమండలువులో చోటిచ్చాడు. ఆ చిన్న మీనమే క్రమంగా పెరిగి, ప్రళయకాలంలో అతని నావను కాపాడింది. దోసిలిలోని చేపను ఆదుకున్నవాడినే చేప ఆదుకొంది. కథలోని ఈ అన్యోన్యత కేవలం పురాణానికి పరిమితం కాదు.

మారుతున్న గడియారం

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా నేడు ఒక కొత్త సమస్య ఎదురవుతున్నది. 1880-81 శీతాకాలంలో మెండోటా 161 రోజులపాటు మంచు కప్పుకొని ఉంది. 2001-02 శీతాకాలంలో అది 21 రోజులే ఉంది. నమోదైన లెక్కలలో ఇది అత్యల్పం. ఏటేటా హెచ్చుతగ్గులున్నా, మొత్తం మీద పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలంతో పోలిస్తే మంచు నిలిచే కాలం సుమారు ఒక నెల తగ్గింది. భూతాపం పెరుగుతున్నదనడానికి ఈ సరస్సు తన చేతివ్రాతతో రాసి ఇచ్చిన సాక్ష్యపత్రం వంటిది ఈ లెక్క.

దీని ప్రభావం చేపల మీద పడుతున్నది. మంచు ముందుగా వీడినా వాలై గుడ్లు పెట్టే సమయం అంతే వేగంగా ముందుకు జరగడం లేదని ఆ ప్రాంతపు సరస్సులపై జరిగిన అధ్యయనాలు తెలుపుతున్నాయి. గుడ్ల నుండి పిల్లలు బయటికి వచ్చే వేళకు వాటికి మేత కావలసిన సూక్ష్మజీవుల పొంగు ముగిసిపోతే, పిల్లలు ఆకలితో నశిస్తాయి. వెన్నెల వేళకు ముందే విచ్చిపోయిన కలువ వలె, విందు ఒక వేళ, అతిథి ఒక వేళ అవుతున్నది. చట్టం పాటించేది పంచాంగాన్ని. చేప పాటించేది నీటి వెచ్చదనాన్ని, పగటి నిడివిని. ఈ రెండింటికీ పొంతన చెడితే, కాగితం మీది నిషేధ కాలం మాత్రమే చేపను కాపాడలేదు. అప్పుడు గాలం పట్టినవాని వివేకమే దానికి మిగిలిన రక్షణ.

మన నీళ్లలో

తెలుగు నేలపై సరస్సులు గడ్డకట్టవు. ఇక్కడి చేపలకు వసంతం కంటే వర్షర్తువు ముఖ్యం. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు వంటి చేపలు తొలకరి తరువాత నదులకు కొత్తనీరు వచ్చి పొంగినప్పుడు, వరదకు ఎదురెక్కి గుడ్లు పెడతాయి. చెరువులలో నిలిచిన నీటిలో అవి సహజంగా గుడ్లు పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలో పీయూష గ్రంథి రసాన్ని ఎక్కించి ఈ జాతి చేపలచేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. నేడు కొల్లేటి పరిసరాలలోనూ, ఇతర ప్రాంతాలలోనూ విస్తరించిన చేపల పెంపకానికి ఆ ఆవిష్కరణే పునాది. ఆ విజయానికి గుర్తుగా జులై 10ని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను మరో విశేషానికి ఉదాహరణ. గుడ్లు పొదిగి పిల్లలు బయటికి వచ్చిన తరువాత తల్లిదండ్రులు వాటి చుట్టూ కాపలా తిరుగుతాయి. ఎర్రని పిల్లల గుంపు నీటి మీద తేలితే, కింద పెద్ద చేప ఉన్నదని పల్లెల్లో గాలం వేసే ప్రతివారికీ తెలుసు. ఆ వేళలో తల్లిని పడితే గుంపు మొత్తం దిక్కులేనిదవుతుంది. సముద్రంలోనూ ఇదే నీతి అమలులో ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్ల వేట నిషిద్ధం. ఆ రెండు నెలలు మత్స్యకారుల ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమే. రేపటి వల నిండాలంటే నేటి వల ఆరాలన్న ఎరుకతోనే వారు ఆ కష్టాన్ని భరిస్తున్నారు. వినోదం కోసం గాలం వేసేవానికి ఈ నిగ్రహం ఒక నియమం. పొట్టకూటి కోసం వల వేసేవానికి అది త్యాగం. ఈ భేదాన్ని గుర్తించి, నిషేధ కాలంలో వారిని ఆదుకోవడం సమాజం బాధ్యత.

మెండోటా జెట్టీ మీద సాయంకాలం ఎండ తగ్గుతున్నప్పుడు గాలపువారు దారాలు చుట్టుకొంటారు. కొందరి బుట్టలలో నాలుగైదు పెర్చ్ చేపలు ఉంటాయి. కొందరి బుట్టలు ఖాళీగా ఉంటాయి. వారి కాళ్ల కింద, పలకల నీడలో, ఎవరికీ కనిపించకుండా ఒక జిగురు పట్టీ మునిగిన కొమ్మకు చుట్టుకొని అలలకు ఊగుతూ ఉంటుంది. మరికొన్ని వారాలలో దానినుండి వేల కొలది పిల్లలు బయటికి వస్తాయి. వచ్చే ఏటి జెట్టీ, వచ్చే ఏటి గాలం వాటినే నమ్ముకొని ఉన్నాయి.

కఠిన పదాలకు అర్థాలు

హిమావరణం : మంచు పొర
వ్యాకోచించు : విస్తరించు, పెద్దదగు
సాంద్రత : చిక్కదనం, నిర్ణీత పరిమాణంలోని ద్రవ్యరాశి
చిత్తడి నేల : ఎప్పుడూ నీటితో తడిసి ఉండే నేల
బెండు : గాలపు దారానికి కట్టి నీటిపై తేలేటట్లు చేసే తేలికైన వస్తువు
ఎర : చేపను ఆకర్షించడానికి గాలానికి గుచ్చే ఆహారం
నిగ్రహం : అదుపు, తన కోరికను తాను అణచుకొనుట
అన్యోన్యత : పరస్పర సహకారం
పీయూష గ్రంథి : మెదడు అడుగున ఉండే గ్రంథి

అభ్యాసం

అ. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. మంచు వీడిన తరువాత సరస్సులో జరిగే మార్పులను, వాటివల్ల చేపల కదలికలో వచ్చే మార్పులను వివరించండి.
2. ‘చేపను ఎప్పుడు పట్టకూడదో తెలియడం మిగిలిన సగం’ అన్న మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ. క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. మెండోటా సరస్సులో 1987 నుండి జరిగిన ప్రయోగం ఏమిటి? దాని వెనుక ఉన్న ఆలోచన ఏది?
2. పట్టిన చేపను తిరిగి విడిచేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
3. మెండోటా చేపలకూ తెలుగు నేలలోని చేపలకూ గుడ్లు పెట్టే కాలంలో ఉన్న భేదం తెలపండి.

ఇ. క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. నీరు ఏ ఉష్ణోగ్రత వద్ద అత్యంత బరువుగా ఉంటుంది?
2. మెండోటాలో మంచు వీడిందని ఎలా నిర్ణయిస్తారు?
3. సత్యవ్రతుడు ఏ నదిలో జలతర్పణం చేశాడు?
4. తూర్పు తీరంలో వేట నిషేధం ఎన్ని రోజులు?

ఈ. క్రింది పదాలను విడదీసి సంధి పేరు తెలపండి.
జీవనాధారం, హిమావరణం, అత్యల్పం, వర్షర్తువు

ఉ. మీ ఊరిలో లేదా సమీపంలో చేపలు పట్టేవారిని కలిసి, ఏ చేప ఏ కాలంలో గుడ్లు పెడుతుందో, ఆ కాలంలో వారు ఏ కట్టుబాట్లు పాటిస్తారో తెలుసుకొని ఒక పుట వ్యాసం రాయండి.